గోడవతలి కోన

నర్సింగ్ అబద్ధాలాడతాడని గిట్టనివాళ్ళంటారు గానీ అది అన్యాయం. అబద్ధమాడేవాడికి దాంతో ఏదో ఒక పని పడి ఉంటుంది. నర్సింగ్‌కు ఏ పనీ ఉండదు. చేతిలో వేడి చాయ్, ఎదురుగా ముగ్గురు మనుషులు ఉంటే చాలు, మిగతాది దానంతటదే వచ్చేస్తుంది. ఆరేళ్ళుగా దోహాలోని ఆ ఆరు మంచాల క్యాంపు గదిలో అలా వస్తూనే ఉంది. ఆ శుక్రవారం సాయంత్రం మాత్రం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అతనికి తన కోతలతో పనిపడింది. పొద్దుగూకేదాకా వాటిని సాగదీయాలి. సాగకపోతే పరువు పోతుంది.

సంగతేమిటంటే, నర్సింగ్ నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. అల్ షహానియా దాటాక ఒక పెద్ద షేక్ తోట ఉంది, అక్కడివాళ్ళు మజ్రా అంటారు. చుట్టూ రెండు నిలువుల ఎత్తు గోడ. లోపల ఖర్జూర చెట్లు, వాటి నడుమ వాననీళ్ళు ఆగే పల్లపు నేల, ఆ పల్లంలో అడవిలా పెరిగిన చెట్లు. రోజుకు మూడుసార్లు నర్సింగ్ ట్యాంకర్‌తో ఆ గోడ వెనక్కి పోతాడు. గోడలోంచి ఒక పైపు మూతి బయటికి వచ్చి ఉంటుంది. దానికి తన గొట్టం బిగించి మోటారు వేస్తే నలభై నిమిషాలు నీళ్ళు లోపలికి పోతాయి. తర్వాత గొట్టం ఊడదీసి చుట్టుకుని తిరిగొస్తాడు. ఆరేళ్ళలో అతను ఆ గోడ లోపల ఒక్క అడుగు పెట్టలేదు. ముందువైపు గేటు ఏ రంగులో ఉంటుందో కూడా అతనికి తెలియదు. పైపు పక్కన గోడకు కాస్త సందు ఉంది. నీళ్ళు పోయినంతసేపూ ఆ సందులోంచి చూస్తాడు. అతనికి తెలిసిన మజ్రా అంతా అంతే.

గదిలో చెప్పే మజ్రా వేరు. అందులో నర్సింగ్ షేక్ పక్కన నడుస్తాడు.

ఆ గదిలో అందరికంటే పాతవాడు పోశన్న. జగిత్యాల వైపు మనిషి, సుతారి పని. పంతొమ్మిదేళ్ళు ఖతర్‌లో గోడలు కట్టాడు. కంపెనీ బస్సు క్యాంపు నుంచి సైటుకు, సైటు నుంచి క్యాంపుకు ఏ దారిన తిప్పిందో ఆ దారే తప్ప ఇంకోటి చూడలేదు. మాటలు తక్కువ. ఆదివారం ఫ్లైటుకు ఇక రాకుండా ఇంటికి పోతున్నాడు. పోయిన వారం పెట్టె సర్దుకుంటూ, "నర్సింగ్, నేను పోయేముందు నీ మజ్రా ఒక్కసారి చూపియ్యరాదు" అన్నాడు. పోశన్న ఎవర్నయినా ఏదయినా అడగడం ఆ గదిలో ఎవరూ వినలేదు. నర్సింగ్ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాల్సింది. కానీ అతని నాలుక అతనికంటే ముందు నడుస్తుంది. "అదెంత పని అన్నా. శుక్కురారం అందరం పోదాం. నిమ్మలంగ నడుసుకుంట కోన దాంక పోయి, ఆడ కూసొని వద్దాం" అనేశాడు. అన్నాక వారమంతా అతనికి అన్నం సహించలేదు.

శుక్రవారం రానే వచ్చింది. అల్ మన్సూరాలో బట్టల కొట్లో పనిచేసే ఇక్రాముద్దీన్ తన పాత కారు తెచ్చాడు. ఇక్రాముద్దీన్‌ది బోధన్. నర్సింగ్‌కు పాత దోస్తు, నర్సింగ్ కోతలకు పాత శత్రువు. వెనక సీట్లో పోశన్న ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, పెళ్ళికి పోయేవాడిలా కూర్చున్నాడు. పక్కన జలంధర్. జలంధర్ నర్సింగ్ బామ్మర్ది, వచ్చి నాలుగు నెలలే అయింది. రోజూ సాయంత్రం ఊళ్ళో ఉన్న అక్క గంగామణికి ఫోన్ చేసి బావ సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పడం అతని రెండో డ్యూటీ.

తోట ఇంకో రెండు కిలోమీటర్లుందనగా నర్సింగ్, "ఆపు భాయ్, ఇంత చాయ్ తాగి పోదాం" అన్నాడు. రోడ్డు పక్కన కరక్ చాయ్ దుకాణం, ముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఫిబ్రవరి ఎండ మెత్తగా ఉంది. అవతల రేసు ఒంటెలు రంగు దుప్పట్లు కప్పుకుని వరసగా కొట్టాలకు పోతున్నాయి. వాటికి తొందర లేదు, తోలుకుపోయేవాళ్ళకూ లేదు. తొందర ఉన్నది నర్సింగ్ ఒక్కడికే, అదీ పొద్దు తొందరగా గూకాలని. పొద్దుగూకగానే వచ్చే మగ్రిబ్ అజాన్‌కు తోట గేటు మూసేస్తారని దారిలోనే చెప్పిపెట్టాడు. అజాన్ దాకా నెట్టుకొస్తే, అయ్యో, మూసేసిండ్రే అనొచ్చు. ఇంకా గంటన్నర ఉంది. పోశన్నకు ఇంకో శుక్రవారం లేదన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా లోపల ఏదో గుచ్చుకుంటోంది, గుచ్చుకున్నప్పుడల్లా ఒక గుక్క చాయ్ తాగుతున్నాడు.

"పోయే ముందు ఆ తోట పద్ధతి మీకు ఎరుక కావాలె" అని మొదలుపెట్టాడు. "లేకుంటె నా ఇజ్జత్ పోతది. నేను మొదటిసారి లోపలికి పోయింది గొప్పగ ఏం గాదు, ఉన్నదున్నట్టు చెప్త. ట్యాంకర్ కాలీ అయింది, గొట్టం చుట్టుకుంటున్న. లోపల బుర్హానుద్దీన్ అని తోటమాలి ఉంటడు, ఆయన గోడ అవతలికెళ్లి, ఓ నర్సింగ్, ఎండల ఏం నిలవడ్తవ్, లోపలికొచ్చి నీడల రెండడుగులు నడువరాదు అన్నడు. సరే అని పోయిన. రెండే అడుగులు. ఖర్జూర చెట్లు ఇటొక వరుస అటొక వరుస, నడుమ సన్న బాట, బాట పొడుగూత జానెడు కాలువ. నడిచిన, చల్లగున్నది, వచ్చిన. గంతే."

"గంతేనా బావా" అన్నాడు జలంధర్.

అక్కడ ఆపి ఉంటే అది నమ్మదగిన కథే. కానీ అజాన్‌కు ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది, పైగా బామ్మర్ది మొహం చిన్నబోయింది.

"గంతే ఎట్లయితది? చల్లగున్నది అంటిని గద, ఎంత చల్లగనో చెప్పనే లేదు. జూన్ నెల, బయట నా ట్యాంకర్ బంపర్ మీద చెయ్యి పెడితే తోలు ఊడివస్తున్నది. లోపల పదడుగులు పోయెటాల్లకు అంగి గుండీలు పెట్టుకున్న. ఇరవై అడుగులకు చేతులు సంకల పెట్టుకున్న. నలభై అడుగులకు పండ్లు కొట్టుకుంటున్నయ్, బుర్హానుద్దీన్ ఉరికొచ్చి రగ్గు కప్పిండు. ఆ నీడ గసొంటి నీడ. దాన్ల ఊకె తిరగద్దు, సర్ది పడ్తది."

"జూన్‌ల రగ్గు" అన్నాడు ఇక్రాముద్దీన్, చాయ్ కప్పులోకి చూస్తూ.

"జూన్‌ల రగ్గే భాయ్. ఆడ రగ్గులకు వేరే రూమే ఉన్నది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? వారం తిరిగెటాల్లకు షేకే పిలిపిచ్చిండు. నర్సింగ్, ఒక్కనివే నడుస్తె ఏం బాగుంటది, శుక్కురారం శుక్కురారం మేం గుంపుగ నడుస్తం, నువ్వు గూడ రా అన్నడు. షేక్, ఆయన అన్నదమ్ములు, వంటాయన, ఒంటెలు కాసెటాయన, బుర్హానుద్దీన్, ఆకర్కి నేను. చిన్న పెద్ద లేదు, అందరం ఒక్క బాట మీద. కని ఒక్కటే కానూన్. జల్దీ నడువద్దు. యల్లా, నడువు నడువు అన్న మాట ఆ తోటల ఎవ్వడూ అనద్దు. నోరుజారి అన్నవా, చెట్టు కింద గంటసేపు కూసోవాలె, అదే శిక్ష. ఎవడన్న జల్దీ నడుస్తున్నడా అని చూసుటానికి ఒక మనిషిని పెట్టిండ్రు, ఆయన డ్యూటీ గంతే. ఆయన గూడ నిమ్మలంగనే చూస్తడు."

తెల్లవారుజామున మూడున్నరకు గది తలుపు మీద పడే ఆ మాట, బస్సు దగ్గర, సైటు దగ్గర, అన్నం దగ్గర కూడా వెంటపడే ఆ మాట లేని చోటు ఎలా ఉంటుందోనని జలంధర్ కాసేపు ఆలోచించాడు.

"మరి యల్లా అనకుంటె పని ఎట్ల నడుస్తది?"

"పని నడువదు. మనుషులే నడుస్తరు."

"నేనైతె కావాలనే అంట బావా. దినాం నాలుగుసార్లు అంట, కూసొనే ఉంట."

పోశన్న నవ్వాడు. నవ్వి, "షేక్ ఎట్ల నడుస్తడు?" అని అడిగాడు.

"షేక్‌వి తోలు చెప్పులు అన్నా. కుడి చెప్పుకు వారు సగం తెగింది, కని మార్చడు. పాతవి, పాదానికి అలవాటు పడ్డయ్. తెల్లంగి అంచు నేలకు రెండు వేళ్ళ ఎత్తున ఊగుతుంటది. గడ్డిల నడిచి నడిచి ఆ అంచుకు గడ్డిగింజలు అంటుకుంటయ్. నిలవడి ఒక్కొక్క గింజ ఏరి, పారెయ్యడు, మళ్ళ ఆన్నే నేల మీద పెడ్తడు. మొలుస్తదని."

ఈ మాటలు చెబుతున్నప్పుడు నర్సింగ్ గొంతు మెత్తబడింది. ఇవి అతను చూసినవే. కానీ చూసినవాటితో గంట గడవదు, అందుకని కోనలోకి దిగాడు.

"ఇగ కోన సంగతి. బాట పోంగ పోంగ కిందికి దిగుతది. రెండు దిక్కులా సిదర్ చెట్లు, మన రేగు చెట్టుకు పెద్దన్న అనుకోరి, మొదళ్ళు ఇద్దరు కావలించుకున్నా అందయ్. దిగుడు దిగుడు, కింద పొగమంచు, పాదాలు కనవడయ్. ఆ నిమ్మలం ఎట్లుంటదో ఒక్క మాట చెప్త. మేం దిగెటప్పుడు పైకెళ్లి ఒక ఆకు రాలింది. మేం అడుగు దాంక పోయినం, వాగొడ్డుకు కూసున్నం, చాయ్ కాసుకున్నం, ముచ్చట పెట్టుకున్నం, మళ్ళ ఎక్కి వస్తున్నం. అప్పుడొచ్చి ఆ ఆకు నా బుజం మీద పడ్డది. దానికి గూడ జల్దీ లేదు."

"అరే నర్సింగ్ భాయ్" అన్నాడు ఇక్రాముద్దీన్. "ఖతర్ మొత్తం చపాతీ లెక్క సాపుగ ఉంటది. నేను పద్నాలుగేండ్ల సంది తిరుగుతున్న, ఏడ గుట్ట లేదు, ఏడ లోయ లేదు. నీ కోన ఏడికెళ్లి వచ్చింది?"

"గోడ ఎందుకు కట్టిండ్రనుకున్నవ్ భాయ్? ఆ లోతు బయటికి కనవడకుండనే."

గోడ మాట వినబడగానే పోశన్న తలెత్తి నర్సింగ్ వైపు చూశాడు. మళ్ళీ చాయ్ తాగాడు.

రెండో విడత చాయ్‌లు వచ్చాయి. జలంధర్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, "ఆగు బావా, ఇది అక్కకు పెడ్త, నీ నోటితోనే ఇననియ్యి" అని రికార్డింగు నొక్కాడు. ఆ చిన్న ఎర్ర చుక్క నర్సింగ్ కంటబడింది. ఇవాళ గేటు దగ్గర పరువు పోతే అది గేటు దగ్గర ఆగదు. రాత్రి అన్నాల వేళకు ఊరంతా తెలుస్తుంది. నర్సింగ్ బావ తోటలో నడవడు, తోట బయట గొట్టం పట్టుకుని నిలబడతాడు. అయినా నోరు ఆగలేదు. భయపడితే కొందరికి మాట పడిపోతుంది, నర్సింగ్‌కు ఇంకా వస్తుంది.

"నెమలి సంగతి చెప్పలే గద. ఓ శుక్కురారం నడుస్తున్నం, బాటకు అడ్డంగ నెమలి తోక. తొక్కద్దు గద, దాని పక్కపొంటి నడుద్దాం, తలకాయ దాంక పోయి సలాం కొట్టి వద్దాం అన్నడు షేక్. పొద్దుగాల తోక కొస కాడ మొదలుపెట్టినం. నడిచినం. పగటీలి అన్నం ఆ తోక పక్కన్నే తిన్నం. మళ్ళ నడిచినం. ఇంకా తోకనే. పొద్దుగూకింది, ఇగ తలకాయ వచ్చే శుక్కురారం చూద్దాం అని మర్లివచ్చినం."

"వచ్చే శుక్కురారం చూసిండ్రా?" అన్నాడు జలంధర్.

"అప్పటికి అది మర్లి పండుకున్నది. మళ్ళ తోకనే దొరికింది."

పక్క కుర్చీలో ఉన్న ట్రక్కు డ్రైవరెవరో, భాష రాకపోయినా, వీళ్ళు నవ్వుతుంటే తనూ నవ్వాడు. ఇక్రాముద్దీన్ గడియారం చూసుకున్నాడు. "నలభై అయిదు నిమిషాలున్నది. లేస్తమా?" నర్సింగ్ కూర్చోమన్నట్టు చెయ్యి ఊపి, ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది తీశాడు.

"ఈ ఒక్కటి విని లేద్దాం భాయ్. ఇది షేక్ ఎవ్వలికీ చెప్పద్దన్నడు. పోశన్న పోతున్నడు గద, అందుకే చెప్త. కోన అడుగున ముసలి సిదర్ ఒకటున్నది. దాని వేర్లు బయటికి తేలి నులక మంచం లెక్క అల్లుకున్నయ్. ఈ దేశంల పనిజేసెటోల్లకు ఎంత నిద్ర కరువైందో అంతా ఆ చెట్టు కింద ఉంటది. పొద్దుగాల మూడున్నరకు లేస్తం గద, ఆ మిగిలిన నిద్ర యాడికి పోతదనుకున్నరు? గాడికే పోతది. ఆ వేర్ల మీద ఒరిగితె ఎవ్వని నిద్ర వానికి మర్లొస్తది."

రోడ్డు మీద ఒక పికప్ పోయింది, దాని వెనక దుమ్ము నెమ్మదిగా ఎండలో దిగింది. జలంధర్ మొహంలో నాలుగు నెలల నిద్ర ఒక్కసారిగా కనబడింది. ఎప్పుడూ అడ్డుపడే ఇక్రాముద్దీన్ కూడా గెడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు.

"పంతొమ్మిదేండ్లది ఉంటదా?" అన్నాడు పోశన్న. "ఖరాబు కాకుండ?"

"ఏం కాదన్నా. నీడల ఉంటది గద."

"నువ్వు ఒరిగినవా?"

"ఒరిగిన. శుక్కురారం పగటీలి ఒరిగిన. లేచి చూస్తె శుక్కురారమే. గదే శుక్కురారం, గదే పగటీలి, నేను కింద పెట్టిన చాయ్ ఇంకా పొగలొస్తున్నది. కని కండ్లల్ల మూడేండ్ల నిద్ర నిండింది."

ఆ చెట్టు నిజంగానే ఉంది. మధ్యాహ్నం పూట దాని కింద ఎవరో పడుకునేవాడు, నర్సింగ్‌కు అతని రెండు అరికాళ్ళు మాత్రం కనబడేవి. ఆ అరికాళ్ళు ఎంత నిమ్మళంగా ఉండేవంటే, మోటారు చప్పుడు మరిచిపోయి, వాటినే చూస్తూ నలభై నిమిషాలు గడిపిన రోజులున్నాయి. అలా పడుకోవాలని అతనికి ఎంతో కోరికగా ఉండేది. అది మాత్రం ఎవరితోనూ అనలేదు.

అక్కడైనా ఆపాల్సింది. కానీ ముగ్గురూ అలా చెవులప్పగించి వింటుంటే కోతలరాయుడికి అంతకంటే మత్తు ఇంకేముంటుంది.

"గదంత చూసి షేక్ ఏమన్నడో ఎరుకేనా? నర్సింగ్, నువ్వు మీ ఊరికి పోతె ఈ కోన లేక నీ పాణం కొట్టుకుంటది, తీస్కపో అన్నడు. వద్దన్న. ఇనలే. సరే అని నేను ఒక కొస, బుర్హానుద్దీన్ ఒక కొస పట్టుకొని చాప చుట్టినట్టు చుట్టినం. చెట్లు మెల్లగ పక్కకు వాలినయ్, పిట్టలు లోపల్నే నిద్రపోతున్నయ్, ఒక్కటి లేవలే. కార్గో డబ్బల పెట్టిన, టేపేసిన, మీద ఊరు పేరు రాసిన. కార్గో ఆఫీసుల తూకమేస్తె ఎక్కువ తూగింది. ఏం తీద్దాం? చెట్లు తీస్తె నీడ పోతది, నీడ తీస్తె నిద్ర పోతది. ఆకర్కి వాగు తీసి పక్కకు పెట్టిన. వాగు లేని కోన మా ఊళ్ళె ఎవలు చూస్తరు? డబ్బ విప్పి, మళ్ళ తెచ్చి, ఎప్పటి లెక్కనే ఆన్నే పరిచినం. నడుమ ఒక మడత పడ్డది, అది మాత్రం పోలే. ఇప్పటికీ ఉన్నది, కావాలంటె చూపిస్త."

"చూపియ్యి" అన్నాడు ఇక్రాముద్దీన్, తాళంచెవులు తీసుకుని లేస్తూ. "బస్, నడువు. ఆ మడత చూస్త, చూసి నీ చెయ్యి ముద్దు పెట్టుకుంట."

జలంధర్ కూడా లేచాడు. నర్సింగ్ లేవలేదు. ఇంకో చాయ్ చెబుదామా, కడుపునొప్పి అందామా, ఫోన్ వచ్చినట్టు చేద్దామా అని చూస్తున్నాడు. పొద్దు ఇంకా రెండు మూరల ఎత్తులో ఉంది, దానికి ఏ తొందరా లేదు.

పోశన్న కూర్చునే ఉన్నాడు. "నర్సింగ్" అన్నాడు. "షేక్ మొఖం ఎట్లుంటది?"

నర్సింగ్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

"గడ్డం ఉన్నదా, లేదా?"

"ఉన్నది. అంటె, మరీ పెద్దది గాదు..."

"చెప్పు వారు తెగింది చెప్పినవ్. అంగి అంచుకు గడ్డిగింజలు చెప్పినవ్. నెమలికి తోక చెప్పినవ్, తలకాయ దొరకలే అన్నవ్. చెట్లకు మొదళ్ళు చెప్పినవ్, వేర్లు చెప్పినవ్, కొమ్మలు చెప్పలే. ఆరేండ్ల సంది వింటున్న నర్సింగ్. నీ కోనల ఎవ్వలికీ మోకాళ్ళకు మీద ఏం లేదు."

ముందు ఇక్రాముద్దీన్‌కు అర్థమైంది. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టి మళ్ళీ కుర్చీలో పడ్డాడు. జలంధర్ బావ మొహం చూశాడు, పోశన్న మొహం చూశాడు, మళ్ళీ బావ మొహం చూశాడు.

"లోపలికి పోలేదా బావా?"

నర్సింగ్ తల వంచుకున్నాడు. కోసేవాడిని కోతల్లో పట్టుకోవడం ఇంత సులువని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

"పైపు పక్కకు ఒక సందున్నది" అన్నాడు పోశన్న, ఎవరినీ నొప్పించని గొంతుతో. "మోకాలెత్తుల ఉంటది. వంగి కూసుంటె గాని కనవడది. నాకెట్ల ఎరుక అంటవా? ఆ గోడ కట్టింది నేను."

ఇక్రాముద్దీన్ నవ్వు ఆగింది.

"వచ్చిన మొదటి ఏడు. నాకు అరబ్బీ రాదు, హిందీ రాదు. పైపు కోసం గోడల ఎంత జాగ వదలాలె అని ఫోర్‌మన్‌ను సైగ చేసి అడిగిన. ఆయన రెండు చేతులు గుండ్రంగ పట్టి ఇంత అని చూపిచ్చిండు. ఏనుగసొంటి మనిషి, చేతులు గట్లనే ఉన్నయ్. ఆ చేతుల మందం గూడ కలుపుకొని వదిలిన. పైపు వచ్చి పెడితె సగం నిండింది, సగం సందు మిగిలింది. ఫోర్‌మన్ మస్తు తిట్టిండు. ఏం తిట్టిండో తెల్వదు, కని తిట్టే. రేపు పూడుస్త అని సైగ చేసిన. తెల్లారి బస్సు ఇంకో సైట్‌కు తోల్కపోయింది. గంతే, ఇప్పటిదాంక అటు దిక్కు పోలేదు."

"మరి లోపల అప్పుడు ఏముండె అన్నా?" అన్నాడు జలంధర్.

"ఇసుక. నాలుగు ముండ్ల చెట్లు, చచ్చినయో బతికినయో తెల్వకుంట. ఇసుకకు గోడ కట్టుడేంది అని మేం నవ్వుకున్నం. నేను ఈ దేశంల ఎన్ని గోడలు కట్టిననో, ఏ గోడ లోపల ఏమయిందో నాకు తెల్వదు. నర్సింగ్ గదిల మజ్రా ముచ్చట మొదలుపెట్టిన నాడు, అల్ షహానియా అన్నడు, పైపు అన్నడు, గోడ వెనుక అన్నడు, ఇది నాదే అనుకున్న. అందుకే ఎన్నడూ అడ్డం రాలే. ఇగ ఆదివారం పోతున్న." పోశన్న కుర్చీ చేతుల మీద బరువు ఆనించి లేచి నిలబడ్డాడు. "గేట్ కాడికి వద్దు. పొద్దు గూకక ముందుగాల ఆ సందు కాడికి తీస్కపో."

జలంధర్ రికార్డింగు ఆపి ఫోన్ జేబులో వేసుకున్నాడు. అక్కకు పంపుతావా అని నర్సింగ్ అడగలేదు. పంపనని జలంధరూ చెప్పలేదు గానీ, కారెక్కేటప్పుడు బావకు ముందు సీటు తలుపు తీసి పట్టుకున్నాడు.

గోడ మూల దగ్గర ఇక్రాముద్దీన్ కారు ఆపాడు. అక్కడి నుంచి ట్యాంకర్ నిలిచే చోటికి అర కిలోమీటరు నడక. నలుగురూ గోడ పక్కన నడిచారు. పోశన్న మోకాళ్ళు పాతబడ్డాయి కాబట్టి అందరూ మెల్లగానే నడిచారు. గోడ మీదుగా ఖర్జూరపు తలలు కనబడుతున్నాయి, వాటి నీడలు రోడ్డు దాటి ఇసుకలో పొడుగ్గా పడుకున్నాయి. లోపల ఎక్కడో పిట్టలు గూళ్ళకు చేరుతున్నాయి. తడి మట్టి వాసన గోడ దాటి వస్తోంది. ఇక్రాముద్దీన్‌కు ఎందుకో చెప్పులు విప్పి చేత పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాడు. పోశన్న మాత్రం గోడను చేత్తో రాసుకుంటూ నడుస్తున్నాడు. ఒక చోట ఆగి, "ఈడికెళ్లి నాది" అన్నాడు. మిగతావాళ్ళకు ఏ తేడా కనబడలేదు. ఆ కాసేపు ఎవరూ నర్సింగ్‌ను ఏమీ అడగలేదు, అతనూ ఏమీ చెప్పలేదు. చెప్పకుండా నడవడం అతనికి కొత్తగా ఉంది.

పైపు దగ్గరికి వచ్చాక నర్సింగ్ తన భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచాడు.

"ఎడమ మోకాలు కింద పెట్టాలె అన్నా. కుడి చెంప పైపుకు ఆనియ్యి, చల్లగుంటది. ముందుగాల ఏం కనవడది, చీకటే కనవడ్తది. పది లెక్కపెట్టు. కండ్లు అలవాటు పడ్డంక ఒక్కొక్కటి వస్తది."

పోశన్న వంగాడు. తను వదిలిన సందుకు తన కన్ను ఆనించాడు.

నర్సింగ్ లోపల లెక్కపెట్టాడు. పది దాటింది. ఇరవై దాటింది. లోపల ఏముందో అతనికి బాగా తెలుసు. నాలుగు వరసల ఖర్జూరాలు, ఒక కాలువ, మూడడుగుల పల్లం, ఆ పల్లంలో కొన్ని సిదర్ చెట్లు, గడ్డి. అంతే. ఆరేళ్ళుగా మాటలతో కట్టిన కోన ఇప్పుడు పోశన్న కంట్లో మూడడుగుల గుంట అయిపోతోంది. పంతొమ్మిదేళ్ళు ఆగిన మనిషికి, ఈ గుంట కోసం ఆశపెట్టానే అనుకుంటే అతనికి ఏడుపొచ్చినంత పనైంది. దూరంగా అజాన్ మొదలైంది. ఇందాక దాని కోసమే కాచుకున్నాడు, ఇప్పుడు కాసేపు ఆగితే బాగుండు అనిపించింది. అజాన్ పూర్తయింది. పోశన్న ఇంకా లేవలేదు.

వెలుతురు బాగా తగ్గాక చెయ్యి చాచాడు. నర్సింగ్ పట్టుకుని లేపాడు. పోశన్న చెంపకు పైపు దుమ్ము గుండ్రంగా అంటుకుంది, తుడుచుకోలేదు. కళ్ళు ఇంకా దగ్గర్లో ఉన్న మనుషులను చూడటం లేదు.

"ఏమున్నదన్నా లోపల?" అన్నాడు జలంధర్. ఇక్రాముద్దీన్ కూడా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

పోశన్న వాళ్ళిద్దరినీ చూశాడు. నర్సింగ్ భుజం మీద చెయ్యి వేసి, కాస్త కోపంగా కూడా, "వీడు చాన తక్కువ చెప్పిండు" అన్నాడు.